మాట కలిపే విద్య – 4వ పాఠం: ఒట్టు వద్దు, అంకె అడగండి

గంజాయి, మందు లాంటి అలవాట్లున్న కుర్రాళ్లతో, వాళ్లంతట వాళ్లే మానేలా మాట్లాడడం ఎలాగో ఈ పాఠాల్లో నేర్చుకుంటున్నాం. అనుకున్న ప్రకారం ఈ పాఠంలో అంకె ప్రశ్న ఒక్కటే నేర్చుకోవాలి, అంటే మానాలని ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకెలో చెప్పమనడం. మూడో పాఠం అభ్యాసం చేసి మీరు రాసి పంపినవి చూశాక నేరుగా అక్కడికి వెళ్లడానికి లేదు. కాలనీ కమిటీల్లో, యువజన సంఘాల్లో పనిచేస్తున్నవాళ్లు చాలామంది ఒకేచోట తడబడ్డారు. కొందరైతే తడబడ్డామనుకోలేదు సరికదా, గెలిచామనుకున్నారు. వాళ్ల సంగతి కాసేపట్లో.

ముందు తేలికపాటి తప్పు. మూడో పాఠంలోని మాట అందుకోవడం అంటే కుర్రాడన్నది మనకు అర్థమైనట్టు మన మాటల్లో తిరిగి అనడం, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పడం కాదు. "ఇంట్లో ఎప్పుడూ గొడవే అన్నా" అంటే "ఇంట్లో ఎప్పుడూ గొడవే" అన్నారట. రెండుసార్లు ఓర్చుకుంటాడు. మూడోసారి "నేనన్నదే మళ్లీ అంటావేంటన్నా" అంటాడు. అందుకునేటప్పుడు ఒక అడుగు ముందుకు వేయాలి. అతను ఇంకా అనలేదు గానీ అనబోతున్నాడనిపించిన మాట మీరు అనాలి. "ఇంటికెళ్లాలంటేనే మనసొప్పట్లేదు." మీ అంచనా తప్పైతే అతనే దిద్దుతాడు, "అదేం లేదు, నాన్న డ్యూటీలో ఉంటే బానే ఉంటది" అని. దిద్దబోయి అసలు సంగతి చెప్పేశాడు చూడండి. అందుకని తప్పు అంచనాకు భయపడకండి.

చివర దీర్ఘం కూడా తీయకండి. "మనసొప్పట్లేదా?" అన్నారంటే అది ప్రశ్న అయిపోతుంది, ప్రశ్నకు ఊఁ అనో, ఉహుఁ అనో అని ఊరుకోవచ్చు. గొంతు దించి ముగించండి, నోరు మూసుకుని మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు కుర్రాళ్లతో మాట్లాడేదంతా ప్రశ్నల్లోనే: ఎక్కడికెళ్లావ్, ఎవరితో వెళ్లావ్, ఇప్పటిదాకా ఏం చేస్తున్నావ్. ఆ అలవాటు వారంలో పోదు, కంగారు పడకండి.

"సరుకు ఎక్కడ దొరికింది" అని మొదటి మాటల్లో అడగొద్దని రెండో పాఠంలో చెప్పాను, మళ్లీ వివరించను. అమ్మేవాడి సంగతి మీకు తెలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో మత్తుమందులను అరికట్టే పోలీసు విభాగం ఈగల్ నంబరు 1972, దేశంలో ఎక్కడైనా 1933. ఆ ఫోను కమిటీలో వేరే మనిషి చేయాలి. కుర్రాళ్లతో కూర్చునే మనిషే సమాచారం చేరవేస్తాడని ఒక్కసారి పేరు పడితే ఆ వీధిలో మీతో ఇంకెవరూ నోరు విప్పరు.

కేసు అవుతుందేమోనని ఆసుపత్రికి తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు జంకుతున్నారని కొందరు రాశారు. మత్తుమందుల కేసులకు వర్తించే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. అలవాటుపడిన మనిషి తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, గుర్తింపు ఉన్న కేంద్రంలోగాని చికిత్సకు చేరితే, వాడినందుకు, తక్కువ మోతాదు దగ్గర ఉన్నందుకు పెట్టే కేసుల నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మినవాడికి ఇది వర్తించదు. ఇంతవరకు చాలు, ఆసుపత్రి సంగతులు ఐదో పాఠంలో.

ఇక గెలిచామనుకున్నవాళ్లు.

"మొదటిరోజే వాళ్లమ్మ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాం, ఇక ముట్టుకోడు." ఇలా రాసినవాళ్లు కొద్దిమంది కాదు. ఒక కమిటీ అయితే ఎనిమిదిమందిని గుడి మెట్ల మీద నిలబెట్టి ప్రమాణం చేయించి ఫొటో కూడా పంపింది. దయచేసి ఆ ఫొటో ఎక్కడ పెట్టినా తీసేయండి. అందులో మైనర్లున్నారు.

ఒట్టు ఎందుకు వద్దో విడమరిచి చెబుతాను, ఎందుకంటే ఇదొక్కటి మానకపోతే మిగతా పాఠాలన్నీ దండగ.

రోజూ గంజాయి తాగే కుర్రాడు ఆపితే ఒకటి రెండు రోజుల్లో చిరాకు మొదలవుతుంది. నిద్ర పట్టదు, అన్నం సయించదు, చెమటలు పడతాయి. మొదటి వారంలో ఇది ముదిరి, రెండు వారాల దాకా సాగుతుంది. నిద్ర మాత్రం కుదుటపడడానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టొచ్చు. ఒట్టు వేసిన మూడో రాత్రి రెండింటికి అతను కళ్లు తెరిచి పైకప్పు చూస్తుంటాడు. ఫ్రెండ్ మెసేజ్ పెడతాడు. ఒక్క దమ్ము లాగుతాడు. ఒట్టు లేకపోతే అది ఒక్క దమ్మే. రేపు మీ దగ్గరికొచ్చి "అన్నా, నిన్న కొట్టాను" అనగలడు. ఒట్టు ఉంటే అది అమ్మ ప్రాణం మీదికి తెచ్చిన దమ్ము. ఇక మీకు ఎదురుపడడు. మీ బండి కనిపిస్తే సందు మారతాడు. అంతకన్నా నష్టం, "ఎటూ ఒట్టు తప్పాను, ఇప్పుడు ఒకటైతే ఏంటి, పదైతే ఏంటి" అనుకుంటాడు. జారి మళ్లీ లేవడానికి ఉన్న దారిని మీరే మూసేశారన్నమాట. పైగా ఆ నెలలో తల్లికి జ్వరమొచ్చిందా, తన వల్లే వచ్చిందని నమ్మే పదహారేళ్ల పిల్లలుంటారు.

ఇంకో సంగతి కూడా గమనించండి. ఒట్టులో మాటలన్నీ మీవి. ఎందుకు మానాలో చెప్పింది మీరు, ఎప్పటినుంచో చెప్పింది మీరు. అతను చేసిందల్లా చెయ్యి చాపడం. మానడానికి కారణం అతని నోటివెంట రావాలి, అతని మాటల్లో రావాలి. అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983లో తాగుడు మాన్పించే సంభాషణ గురించి రాసినప్పటి నుంచి ఈ పద్ధతికంతటికీ ఇరుసు ఇదే. మీరు మానమని వాదిస్తే అతను మానకపోవడానికి వాదిస్తాడు, వాదించిన కొద్దీ తన వాదాన్ని తానే నమ్ముతాడు.

"మరి అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టనివాళ్లు లేరా?" అని అడిగారు. ఉన్నారు, మంచి ప్రశ్న. మాలలో ఏముందో చూడండి. వేసుకోవాలన్న నిర్ణయం అతనిది. తెల్లవారకముందే చన్నీటి స్నానం, రెండుపూటలా పూజ, నేల మీద పడక, అంటే రోజంతా పనే. పాత స్నేహితులు కూడా "స్వామీ" అని పిలుస్తారు గానీ గ్లాసు అందివ్వరు. గడువు కూడా తెలుసు. ఇవన్నీ పనిచేస్తాయి. లేనిదల్లా 42వ రోజుకు ఏర్పాటు. కాబట్టి మాల వేసిన చరిత్ర ఉన్న కుర్రాడు దొరికితే మీ పని సగం తేలిక: "మాలలో ఉన్నప్పుడు సాయంత్రాలు ఎలా గడిపేవాడివి?" అని అడిగి, వచ్చిన జవాబు నోట్‌బుక్కులో రాసుకోండి.

అయితే ఒక్క హెచ్చరిక. రోజూ మందు తాగుతూ, పొద్దున లేవగానే చేతులు వణికేవాళ్లను మాల పేరుతోగాని, ఇంకే పేరుతోగాని ఒక్కసారిగా ఆపించకండి. చివరి గ్లాసు తర్వాత 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పి, లేని మనుషులు కనిపించే స్థితి రావచ్చు, ప్రాణాపాయం అప్పుడే ఎక్కువ. తెలంగాణ పల్లెల్లో కల్తీ కల్లుది ఇదే బాపతు. అందులో కలిపేది ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కాబట్టి, దుకాణం మూతపడిన రెండు మూడు రోజుల్లో జనం పిచ్చిగా ప్రవర్తిస్తారు, మూర్ఛపోతారు. "కల్లే కదా" అనుకోవద్దు. నిద్రమాత్రలు, ట్రామడాల్ లాంటి నొప్పిమాత్రలు మింగేవాళ్ల విషయమూ అంతే. వీళ్లకు ముందు డాక్టరు, తర్వాతే మాటలు. గంజాయి ఒక్కటే అయితే ఆపడం ప్రాణాపాయం కాదు.

తల్లిదండ్రులు మందుల షాపులో మూత్రపరీక్ష కిట్ కొని ఒట్టును తూకం వేస్తున్నారని కూడా ఇద్దరు రాశారు. ఎప్పుడో ఒకసారి తాగినవాడికి గంజాయి ఆనవాలు మూడు నాలుగు రోజుల్లో పోతుంది. రోజూ తాగినవాడికి ఆపేశాక కూడా నెల దాకా, ఒక్కోసారి ఆ పైన కూడా కనిపిస్తుంది. ఇరవై రోజులుగా నిజంగా మానేసిన పిల్లాడి ముందు ఒక్క గీత వచ్చిన కిట్ పెట్టి "అబద్ధాలకోరా" అన్నారనుకోండి, ఆ రాత్రే మళ్లీ మొదలుపెడతాడు. అన్నట్టు, చాలా కిట్లలో రెండు గీతలొస్తే లేదని, ఒక్క గీతొస్తే ఉందని లెక్క. అది చదవడం కూడా రాకుండా కొంటున్నారు.

ఇప్పటికే ఒట్టు వేయించినవాళ్లు విప్పండి. తల్లితోనే చెప్పించడం మేలు: "ఆ ఒట్టు నేను తీసేశా నాన్నా. తప్పినా నాకేం కాదు. తప్పితే నాకు చెప్పు, అంతే." ఈ రెండు ముక్కలు చెప్పి ఉపన్యాసం మొదలుపెట్టకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపొమ్మనండి.

ఇప్పుడు అంకె ప్రశ్న.

ఎక్కడ కూర్చోవాలి, మత్తులో ఉన్నప్పుడు మాట్లాడకూడదు వగైరా మీకు తెలిసినవే. ఎదురెదురుగా కుర్చీలు నాకు నచ్చవు. గ్రౌండు చుట్టూ నడుస్తూ పక్కపక్కన మాట్లాడితే కళ్లు కలపాల్సిన బాధ ఉండదు. మొదట ఈ మాట చెప్పండి: "నువ్వు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. ప్రాణం మీదికొచ్చే సంగతైతే మాత్రం దాచను." తర్వాత కిందటి వారాన్ని నిన్నటి నుంచి వెనక్కి అడగండి. "ఎంత తాగుతావ్" అంటే "అప్పుడప్పుడు" అంటాడు. "నిన్న? మొన్న? ఆదివారం మ్యాచ్ అయ్యాక?" అంటే లెక్క బయటికొస్తుంది. ఆ తర్వాతే ఇది:

"మానాలని నీకు ఎంతుంది? అసలు లేకపోతే సున్నా, బాగా ఉంటే పది."

"మూడు."

ఇక్కడే అందరూ బోల్తా పడేది. "మూడేనా? అంత తక్కువా?" అంటారు. అప్పుడతను తక్కువెందుకో చెప్పాలి: అందరూ కొడతారు, టెన్షన్ పోతుంది, చదువు మీదేం తేడా లేదు. మీరే అడిగి మరీ గంజాయి తరఫున వాదన పలికించారు. అనాల్సింది ఇది:

"మూడు. సున్నా అనలేదు. ఎందుకని?"

"...పొద్దున లేవలేకపోతున్నా. ల్యాబ్ రికార్డు మూడు వారాలది పెండింగ్. షటిల్ ఆడితే ఆయాసమొస్తోంది."

మూడూ అతని నోటి నుంచే వచ్చాయి. ఇప్పుడు అందుకోండి: "ఒంట్లో ఇదివరకటి సత్తువ లేదని నీకే తెలుస్తోంది." ఆగండి. ఐదు లెక్కపెట్టండి. నాలుగో కారణం వస్తుంది, సాధారణంగా అసలు కారణం అదే అవుతుంది.

సున్నా అంటే బెదరకండి. "సరే, సున్నా. అది ఒకటి కావాలంటే ఏం జరగాలి?" అనండి. "ఏమో, పోలీసులకి దొరికితే" అంటాడేమో. అదీ కారణమే, అందుకోండి. పది అంటే మరీ జాగ్రత్త, మిమ్మల్ని వదిలించుకోవడానికి అన్న పది అయ్యుండొచ్చు. సంబరపడకుండా రెండో అంకె అడగండి: "మానగలనన్న నమ్మకం ఎంత?" కోరిక తొమ్మిది, నమ్మకం రెండు ఉన్న కుర్రాళ్లు చాలామంది. వాళ్లకు కారణాలు అక్కర్లేదు, దారి కావాలి. "రెండు నాలుగవ్వాలంటే ఏం కావాలి?" అని అడిగి, వచ్చిన జవాబును ఒక్క సాయంత్రానికి కుదించండి. శనివారం ఆరింటికి ఫ్రెండ్స్ గ్రౌండు వెనక్కి పిలిస్తే ఏమంటాడు? మాటకు మాట పలికించండి. "రాను" అన్నది జవాబు కాదు, ఎందుకురా అంటే ఆగిపోతాడు. "అక్కని కోచింగ్ నుంచి తీసుకురావాలి, బండి నా దగ్గరే ఉంది" అన్నది జవాబు. నిజంగా అక్కని తీసుకొచ్చే పని ఇంట్లో అప్పజెప్పించండి.

ఇరవై నిమిషాలు దాటించకండి. చివర్లో "వచ్చే మంగళవారం నడుద్దాం, ఈలోగా కొట్టినా రా, కొట్టకపోయినా రా" అని విడిచిపెట్టండి. నిద్ర లేక, చిరాకుతో అల్లాడుతుంటే 14446 నంబరు ఇవ్వండి, మత్తు అలవాట్లకు జాతీయ హెల్ప్‌లైన్, డబ్బు పడదు. దిగులు, చచ్చిపోవాలన్న మాటలు వినిపిస్తే నంబరు ఇచ్చి ఊరుకోవద్దు, పక్కన కూర్చుని మీరే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు, 14416కు, కలపండి. ఆ రోజు అతన్ని ఒంటరిగా వదలకండి.

అభ్యాసం. ఇది కష్టంగానే ఉంటుంది. కమిటీలో ఇంకొకరితో, కుర్రాడి వేషం వాళ్లది, పది నిమిషాలు మాట్లాడి ఫోనులో రికార్డు చేయండి. (అసలు కుర్రాణ్ని ఎప్పుడూ రికార్డు చేయకూడదు, అడిగి కూడా.) విని, మీ ప్రతి వాక్యాన్నీ కాగితం మీదికి ఎక్కించండి. ప్రశ్న పక్కన ప్ర, అందుకున్న దాని పక్కన అం, సలహా పక్కన స. ప్రశ్న ఒకటికి అందుకోవడం రెండు ఉండాలి. మొదటిసారి ప్రశ్నలు పద్నాలుగు, అందుకోవడం రెండు వస్తుంది, అందరికీ అంతే. లెక్క కుదిరేదాకా జతను మార్చి మళ్లీ చేయండి. సలహాలు మూడు దాటిన రికార్డింగు చెరిపేసి మొదటినుంచి చేయండి. రెండో అంకె ప్రశ్న దాకా చేరిన కాగితాలే ఐదో పాఠానికి పంపండి. ఫొటోలు వద్దు.