వాషింగ్టన్ రాష్ట్రానికి కొత్తగా వచ్చినవారికి: తుపాకుల బిల్లులు, మీ వీసా

ఏటా జనవరి రెండో సోమవారం రాష్ట్ర రాజధాని ఒలింపియాలో రాష్ట్ర శాసనసభ సమావేశాలు మొదలవుతాయి. తుపాకుల మీద ఏదో ఒక బిల్లు రావడం ఇక్కడ మామూలే కాబట్టి, రెడ్‌మండ్, బెల్‌వ్యూ, బాతెల్ ప్రాంతాల మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ‘ఇక తుపాకులు పూర్తిగా నిషేధమట’ అనో, ‘చట్టం రాకముందే ఒకటి కొనిపెట్టుకోవాలట’ అనో ప్రచారం మొదలవుతుంది. కొత్తగా వచ్చినవారు ముందుగా చూసుకోవలసింది ఆ బిల్లును కాదు, తమ పాస్‌పోర్టులోని వీసాను.

హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 వంటి వలసేతర (తాత్కాలిక) వీసాల మీద వచ్చినవారు తుపాకినే కాదు, తూటాను సైతం దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. పిల్లల్ని చూడడానికి బి-2 సందర్శక వీసా మీద వచ్చే తల్లిదండ్రులకూ ఇదే వర్తిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు లేకపోలేదు. వారాంతంలో మిత్రులతో షూటింగ్ రేంజ్‌కు వెళ్లి కాసేపు అద్దెకు తీసుకున్న పిస్టల్ కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. రేంజ్‌లో సంతకం చేయించుకునే పత్రంలో మీ వలస స్థితి గురించి ప్రశ్న ఉంటే, పక్కనున్నవారు ‘టిక్కు పెట్టేయండి, ఎవరూ చూడరు’ అన్నా పెట్టకండి. తుపాకి కేసులు దేశ బహిష్కరణ దాకా పోగలవు. భార్యాభర్తల్లో ఒకరు పౌరులై తుపాకి కలిగి ఉండి, రెండోవారు ఇంకా వీసా మీదే ఉంటే, తుపాకి ఉన్న పెట్టె తాళంచెవి రెండోవారికి అందని చోట ఉంచాలి.

గ్రీన్‌కార్డు వచ్చాక ఈ అడ్డంకి తొలగుతుంది. రాష్ట్ర చట్టాల పట్టింపు నిజంగా మొదలయ్యేది అప్పుడే. 2023 ఏప్రిల్ 25న అప్పటి గవర్నర్ జే ఇన్‌స్లీ సంతకం చేసిన హౌస్ బిల్లు 1240, ఏఆర్-15, ఏకే-47 వంటి అసాల్ట్ ఆయుధాల తయారీని, అమ్మకాన్ని, రాష్ట్రంలోకి తీసుకురావడాన్ని నిషేధించింది. అంతకుముందే రాష్ట్రంలో ఉన్నవాటిని యజమానులు ఉంచుకోవచ్చు, కాబట్టి పూర్తి నిషేధం అన్న మాట సరికాదు. అయితే టెక్సస్‌లో సక్రమంగా కొన్న ఏఆర్-15ను ఉద్యోగం మారినప్పుడు సామానుతో పాటు ఇక్కడికి తెచ్చుకోవడం కుదరదు. పదికి మించి తూటాలు పట్టే మ్యాగజైన్ల అమ్మకం, రాష్ట్రంలోకి తేవడం 2022 జులై 1 నుంచే ఆగిపోయాయి. 2024 ఆరంభం నుంచి ఏ తుపాకి కొనాలన్నా భద్రతా శిక్షణ పొందాలి, పది పని దినాలు ఆగాలి. 2025లో ఆమోదించిన మరో చట్టం ప్రకారం 2027 మే 1 నుంచి కొనుగోలుకు ముందుగా అనుమతి పత్రం కూడా కావాలి. కలెక్టరో పోలీస్ కమిషనరో లైసెన్సు ఇస్తే తప్ప తుపాకి ముట్టని మన ఊరి పద్ధతికి అలవాటు పడ్డవారికి ఇది కొత్తగా అనిపించదు. ఇక్కడ దీని మీద ఇంత రభస ఎందుకన్నదే వింతగా తోస్తుంది.

బిల్లు వార్త చదివేటప్పుడు అది ఏ దశలో ఉందో చూడండి. ఒక సభ కమిటీ దాటినంత మాత్రాన చట్టం కాదు. బేసి సంవత్సరంలో ఆగిన బిల్లు మరుసటి ఏడాది మళ్లీ లేవవచ్చు. మామూలుగా చట్టం సమావేశాలు ముగిసిన 90 రోజులకు అమల్లోకి వస్తుంది గానీ, అత్యవసర నిబంధన చేర్చినందువల్ల 1240 సంతకమైన రోజే అమలైంది; అందుచేత తేదీని బిల్లు చివరి సెక్షన్లలో వెతకడం మంచిది. కమిటీ విచారణలో అభిప్రాయం చెప్పడానికి ఓటుహక్కు అక్కరలేదు. శాసనసభ వెబ్‌సైట్‌లో అనుకూలమనో వ్యతిరేకమనో ముందుగా నమోదు చేసుకోవచ్చు, ఇంటి నుంచే మాట్లాడవచ్చు.

పిల్లలున్నవారికి ఇంకొక మాట. బడి స్నేహితుల ఇంటికి ఆడుకోవడానికి పంపేముందు, ఆ ఇంట్లో తుపాకి ఉందా, తాళం వేసి ఉంచుతున్నారా అని అడగండి. 2018లో ఓటర్లు ఆమోదించిన చట్టం ప్రకారం, పిల్లలకు అందేలా తుపాకి వదిలేసి, దానితో ఎవరైనా గాయపడితే యజమానిపై కేసు పెట్టవచ్చు. మొహమాటపడనక్కరలేదు, ఇక్కడి పిల్లల డాక్టర్లు కూడా అడగమనే చెబుతారు.