ఆగిపోయే రాత డబ్బులు: నాకు పనిచేసిన పద్ధతి

విజయనగరంలో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీలకు తెలుగు కంటెంట్ రాస్తాను. రాయడానికి వారం పడితే డబ్బు రావడానికి నాలుగు నెలలు పట్టేది. ఫోన్లు, వాట్సాప్‌లు, బతిమాలడం, ఇక రాయనని చెప్పడం: ఏదీ పనిచేయలేదు.

గంటస్తంభం దగ్గరుండే ఆడిటర్ గారి మాటతో దారి దొరికింది. ముందు, చిన్న సంస్థలను నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో ఆధార్, పాన్‌లతో సేవల కింద సూక్ష్మ సంస్థగా రిజిస్టర్ అయ్యాను. ఇది పూర్తిగా ఉచితం, డబ్బులడిగే సైట్ల జోలికి వెళ్లకండి. తర్వాత, కొత్త పని ఒప్పుకునే ముందే 30 రోజుల్లో చెల్లిస్తామని మెయిల్‌లో రాయించుకున్నాను. బిల్లు మీద నా పేరు కిందే ఉద్యమ్ నంబరు వేశాను. అడుగున, చిన్న సంస్థలకు సకాలంలో డబ్బు అందాలనే చట్టాన్ని గుర్తుచేస్తూ ఒక్క వాక్యం: "ఎంఎస్ఎంఈడీ చట్టం 2006, సెక్షన్ 15 ప్రకారం గడువు 45 రోజులు మించరాదు."

అసలు తేడా తెచ్చింది మాత్రం ఆ బిల్లును ఎడిటర్‌తో పాటు నేరుగా అకౌంట్స్ వాళ్లకీ పంపడమే అనుకుంటున్నాను. ఎడిటర్ గారు మంచివారే, కానీ డబ్బు ఆయన చేతిలో లేదు. చట్టం గడువు దాటిన బాకీని, కట్టిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోవాలన్న ఆదాయపన్ను నిబంధన అకౌంట్స్ వాళ్లకి బాగా తెలుసు, ఆలస్యం చేస్తే ఆ ఏడాది కంపెనీకి పన్ను పెరగొచ్చు. 26వ రోజు సాయంత్రం డబ్బు పడినట్టు మెసేజ్ వచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను.

ఇప్పటికి మూడు బిల్లులకే ఇలా జరిగింది, అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. విదేశీ క్లయింట్ల దగ్గర ఇది నడవదు. రిజిస్ట్రేషన్‌కి ముందు చేసిన పనికీ ఈ రక్షణ రాదు, నా పాత 18,400 రూపాయలు ఇంకా రావాల్సే ఉన్నాయి.