‘బ్రేవ్ న్యూ వరల్డ్’ నవలలో మనుషులను మలిచే పద్ధతిని విశ్లేషించడం ఎలా

ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రచురించిన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ మీద వ్యాసం రాయదలచినవారు చాలావరకు నిషేధాల కోసం, శిక్షల కోసం వెతుకుతారు. అవి పెద్దగా దొరకకపోవడంతో సోమా అనే మత్తుమాత్ర దగ్గర ఆగిపోతారు. ఈ నవలలోని ప్రభుత్వం మనిషి కోరికలను ముందుగానే తయారుచేసి పెడుతుంది కనుక, పాత్రలు దేన్ని తమంతట తామే ఇష్టపడుతున్నామని అనుకుంటున్నాయో గమనించడం మొదటి పని.

మొదటి రెండు అధ్యాయాలను నింపాదిగా చదవండి. మనుషులను సీసాల్లో పుట్టించే లండన్‌లోని హేచరీని దాని డైరెక్టర్ విద్యార్థులకు చూపించే ఈ భాగంలో కథ నడవడం లేదనిపించి చాలామంది గబగబా దాటేస్తారు గాని, ఆ తరువాత పాత్రలు పలికే మాటలకు మూలం అక్కడే ఉంది. ప్రతి పద్ధతినీ అది ఏ వయసులో పనిచేస్తుందో చూసి, ఆ వరుసలో రాసుకోండి. ఆ సమాజంలో మనుషులను ఆల్ఫా నుంచి ఎప్సిలాన్ వరకు ఐదు శ్రేణులుగా పుట్టిస్తారు; సీసాలో పిండంగా ఉన్నప్పుడే కింది శ్రేణులకు ఆక్సిజన్ తగ్గిస్తారు. ఒకే అండం నుంచి 96 మంది వరకు ఒకే పోలికతో పుట్టిస్తారు. పసితనంలో విద్యుత్ షాకులు, బాల్యంలో నిద్రలో వినిపించే పాఠాలు, పెద్దయ్యాక సోమా. ఇలా రాసుకున్నప్పుడు, సోమా రంగంలోకి వచ్చేసరికి అసలు పని చాలావరకు పూర్తయిపోయిందని స్పష్టమవుతుంది.

శిశువుల గది దృశ్యం దగ్గర ఎక్కువసేపు ఆగాలి. డెల్టా అనే కింది శ్రేణికి చెందిన ఎనిమిది నెలల పిల్లలు పుస్తకాల వైపు, గులాబీల వైపు సంతోషంగా పాకుతుంటే ఒక్కసారిగా పేలుడు శబ్దం, సైరన్లు మోగుతాయి. ఆపైన నేలలోంచి కరెంటు పారుతుంది. ఒక శబ్దం వినగానే నోరూరేలా కుక్కలకు అలవాటు చేసిన రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ ప్రయోగాలను ‘నియో-పావ్‌లోవియన్ కండిషనింగ్ రూమ్’ అనే ఆ గది పేరే గుర్తు చేస్తుంది. ఏడాది నిండని పసివాడికి పెద్ద శబ్దంతో తెల్ల ఎలుకంటే భయం పుట్టించిన ప్రయోగాన్ని జాన్ వాట్సన్, రోజలీ రేనర్ 1920లోనే ప్రచురించారు కాబట్టి, హక్స్‌లీ తన కాలపు శాస్త్రానికి ఎంత దగ్గరగా నిలబడి రాశాడో మీ వ్యాసంలో చూపవచ్చు. అంతటితో ఆగకుండా ‘ఇందువల్ల ఎవరికి లాభం?’ అని కూడా అడగండి. పువ్వుల విషయంలో డైరెక్టరే జవాబు చెబుతాడు: ప్రకృతిని చూసి ఆనందించడానికి ఖర్చు ఉండదు, దానివల్ల కర్మాగారాలు నడవవు, అందుకే పల్లెపట్టు మీద ద్వేషం కలిగిస్తూనే, ఖరీదైన సామగ్రి కావలసిన బయటి ఆటల మీద ప్రేమ కలిగిస్తారు. నా దృష్టిలో నవల మొత్తంలో ఇంతకన్నా భయంకరమైన వివరణ లేదు, ఎందుకంటే అక్కడ క్రూరత్వం లెక్కల పుస్తకంలో ఒక పద్దుగా మారిపోయింది.

తరువాత నిద్రపాఠాల నినాదాలను ఏరి, ఎవరు ఏ సందర్భంలో పలికారో పక్కన రాసుకోండి. వాటిలో ఒకదాని గురించి, నిద్రపాఠాల నిపుణుడైన బెర్నార్డ్ మార్క్స్ మనసులోనే లెక్క వేస్తాడు: రాత్రికి 100 సార్లు, వారానికి మూడు రాత్రులు, నాలుగేళ్లు, మొత్తం 62,400 సార్లు వినిపిస్తే ఒక సత్యం తయారవుతుంది. ఆరో అధ్యాయంలో, తనను మలిచిన శిక్షణకు బానిసగా కాక స్వేచ్ఛగా ఉంటే ఎలా ఉంటుందో అని అతను అన్నప్పుడు, అతని స్నేహితురాలు లెనీనా తాను స్వేచ్ఛగానే ఉన్నానని, ఈ రోజుల్లో అందరూ సంతోషంగానే ఉన్నారని బదులిస్తుంది. ఆ మాటను పిల్లలకు ఐదేళ్ల వయసు నుంచే నేర్పుతున్నామని బెర్నార్డ్ గుర్తు చేస్తాడు. ఆమె అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే అలా అనుకుంటోంది. నినాదం సాధారణంగా పాత్ర కలవరపడిన క్షణంలోనే బయటికి వస్తుంది కనుక, ప్రతి నినాదానికి ముందున్న రెండు మూడు వాక్యాలను తప్పక చదవాలి.

శిక్షణ ఎక్కడ బలహీనపడుతుందో కూడా వెతకండి. ఈ వ్యవస్థకు బయట, ఆటవికుల ప్రాంతంలో పెరిగిన జాన్ తన తల్లి లిండా మరణించినప్పుడు ఏడుస్తుంటే, చావంటే భయం లేకుండా పెంచుతున్న పిల్లలపై ఆ ఏడుపు ప్రభావం పడుతుందేమోనని నర్సు కంగారుపడి వాళ్లకు చాక్లెట్ మిఠాయి పంచుతుంది. 62,400 సార్లు వినిపించిన పాఠాలున్న లోకంలో ఒక మనిషి శోకం ప్రమాదంగా కనిపించిందంటే, ఆ వ్యవస్థకు తన మీద తనకు ఎంత తక్కువ నమ్మకముందో అర్థమవుతుంది.

బెర్నార్డ్‌ను తొందరపడి తిరుగుబాటుదారుగా చిత్రించకండి. పొట్టిగా ఉన్నందుకు కలిగిన చిన్నతనమే అతని అసంతృప్తికి చాలావరకు కారణం, కాస్త గౌరవం దక్కగానే అది చల్లబడుతుంది. జాన్‌ను కూడా శిక్షణకు అతీతుడని అనలేం: లెనీనాను తోసిపుచ్చేటప్పుడు అతని నోట వచ్చేవి చిన్ననాటి నుంచి చదివిన షేక్స్‌పియర్ మాటలే.

చివరగా, కింది శ్రేణులు లేకుండా సమాజం నిలవదనే పాలకుడు ముస్తఫా మోండ్ వాదన. సైప్రస్‌లో కేవలం పై శ్రేణివారైన ఆల్ఫాలనే 22,000 మందిని స్థిరపరిస్తే ఆరేళ్లలో అంతర్యుద్ధం వచ్చి 19,000 మంది చనిపోయారని అతను చెబుతాడు. ఆ సంఘటనకు నవలలో అతను తప్ప మరో సాక్షి లేడు కనుక, దాన్ని రుజువుగా కాకుండా పాలకుడి వాంగ్మూలంగానే ఉటంకించాలి.