పొలంలో చిన్న మండువా ఇల్లు: ముందు నీటి దారి, తర్వాతే గదులు

పొలంలో ఇల్లు అనగానే చాలామంది గదులు లెక్కపెట్టడంతో మొదలుపెడతారు. గోదావరి జిల్లాల తరహా మండువా ఇంటికి, అంటే నడుమ ఆకాశం కనబడే ఖాళీ, దాని వైపు వాలే కప్పు ఉండే ఇంటికి, అది కుదరదు. కప్పు మీద పడ్డ వానలో మూడో వంతుకు పైగా ఇంటి నడిమధ్యకే వస్తుంది. ఆ నీళ్లు ఎటు పోవాలో తేలాకే గోడలు గీయాలి.

36 అడుగుల చదరపు ఇల్లు అనుకుందాం. పైన ఆకాశం కనబడే ఖాళీ 8×8 అడుగులు, కింద పల్లంగా ఉండే మండువా నేల 10×10. అంటే వసారా అంచు కంటే చూరు అడుగు ముందుకు ఉంటుంది. రెండూ ఒకే గీతలో పెడితే చూరు నీళ్లు చింది వసారా తడుస్తుంది, పాకుడు పట్టి కాలు జారుతుంది. చుట్టూ 4 అడుగుల వసారా, దాని వెనక గోడలతో కలిపి 9 అడుగుల గదులు.

బయటి చూరు కూడా 2 అడుగులు వదిలితే లోపలికి వాలే కప్పు, ఖాళీ కలిపి 24×24 అడుగులు. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 2,700 లీటర్లు దిగుతాయి. 110 మిల్లీమీటర్ల గొట్టం ఒక్కటి చాలు, కానీ నాలుగు ఆకులు అడ్డం పడితే ఇల్లంతా నీళ్లే. అందుకే ఎదురెదురు మూలల్లో రెండు పెట్టండి, రెండోదాని నోరు 2 అంగుళాలు ఎత్తులో. గొట్టాల వాలు పది అడుగులకు అంగుళంన్నర.

మండువా నేల వసారాకు 9 అంగుళాలు దిగువన ఉంటుంది కాబట్టి బేస్‌మెంట్, అంటే బయటి నేల నుంచి వసారా ఎత్తు, రెండున్నర అడుగులు తప్పదు. అడుగున్నరతో సరిపెడితే గొట్టం చివర నేలలో కూరుకుపోయి, ముసురు రోజుల్లో పొలం నీళ్లు వెనక్కి తన్నుతాయి. నల్లరేగడి అయితే పునాది సంగతి ఇంజనీరుకే వదిలేయండి. ఆ నేల తడికి ఉబ్బి, ఎండకు కుంగి గోడలు చీలుస్తుంది.

మంగళూరు పెంకులకు అడుగుకు 7 అంగుళాల వాలు ఇవ్వండి. వంద చదరపు అడుగులకు 150 దాకా పడతాయి. పెంకుల కొలత తయారీని బట్టి మారుతుంది, కాబట్టి రెండు పెంకులు నేలమీద జత చేసి కొలిచాకే పెంకులు ఆనే చెక్క బద్దలను వాసాల మీద బిగించండి. టేకు వాసాలకు బదులు ఇనుప గొట్టాలు వాడినా అందం చెడదు.

కారేది మాత్రం దాదాపు ఎప్పుడూ వాలులు కలిసే నాలుగు లోపలి మూలల్లోనే. అక్కడ అడుగున్నర వెడల్పు జింకు రేకు పరిచి, పెంకులు కోసి, నడుమ 4 అంగుళాల కాలువ వదలాలి. మేస్త్రీలు దాన్ని సిమెంటుతో పూడ్చేస్తారు. ఎండకు సిమెంటు చిట్లి, ఆ సందుల్లోంచే నీరు దిగుతుంది.

పురుగుమందుల గదికి తలుపు బయటి నుంచే ఉండాలి, మండువా వైపు కిటికీ కూడా వద్దు.

మండువాలో బండలు పరిచే ముందు రెండు గొట్టాలనూ బయటి చివర మూసి, 3 అంగుళాల నీళ్లు, అంటే సుమారు 700 లీటర్లు, ఒక రాత్రి నిలపండి. తెల్లారేసరికి మట్టం బాగా తగ్గితే గొట్టాల అతుకులు, మండువా గచ్చు తవ్వి చూడాల్సిందే. వదిలేస్తే కింద నింపిన మట్టి నాని, ఏడాది తిరక్కుండానే వసారా బండలు కుంగుతాయి.