గడ్డం పాఠాలు – 3: మెత్తదనం రేజరులో, పదును బ్లేడులో

పోయిన పాఠంలో మిమ్మల్ని మూడు రోజులు గడ్డం పెంచమన్నాను. ఆ తరువాత వేలి కొసలతో నిమిరి, రోమాలు ఏ వైపుకు పడుకుంటున్నాయో కాగితం మీద బాణం గుర్తులు వేసుకోమన్నాను. ఆ కాగితం లేనివాళ్ళు ఈ పాఠం చదివి లాభం లేదు. ముందు అది వేసుకుని రండి. రేజరు ఎక్కడికీ పోదు.

ఇప్పుడు నా ముందున్న కాగితం మా మేనల్లుడిది. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాడు. ముప్ఫై ఏళ్ళు లేవు. ఒత్తయిన, ఉంగరాలు తిరిగే గడ్డం. కాగితం మీద బుగ్గల దగ్గర బాణాలన్నీ బుద్ధిగా కిందికి చూస్తున్నాయి. మెడకు కుడివైపు కూడా అంతే. ఎడమ దవడ కింద మాత్రం ఒక సుడి ఉంది. అక్కడ బాణాలు చెవి వైపు తిరిగి పైకి లేచాయి. ఇతను ఐదేళ్ళుగా రోజూ పొద్దున ఏడింటికి ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జితో మెడ మొత్తం కింది నుంచి పైకి గీసుకుంటున్నాడు. తొమ్మిదింటికల్లా యార్డులో ఉంటాడు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, విప్పి సరుకు చూపించే చోట గాలిలో ఏముంటుందో గుంటూరు వాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

“మామయ్యా, ఇది నా చర్మమా, నా ఖర్మా?” అన్నాడు మెడ చూపిస్తూ. గొంతు చుట్టూ ఎర్రటి పొక్కులు.

వరి కోసిన చేను చూసే ఉంటారు. కొడవలి నేలకు కాస్త పైన కోస్తుంది, కొయ్యకాళ్ళు నిలబడి ఉంటాయి. ఎక్కువ బ్లేడ్లున్న కార్ట్రిడ్జి అలా కోయదు. ముందు బ్లేడు రోమాన్ని కాస్త పైకి లాగి కోస్తుంది. అది మళ్ళీ లోపలికి జారే లోపే వెనక వచ్చే బ్లేడు ఇంకోసారి కోస్తుంది. మిగిలిన మోడు చర్మం మట్టం కన్నా కిందికి దిగిపోతుంది. తిన్నని రోమమైతే తిరిగి నేరుగానే పైకి వస్తుంది. ఉంగరాల రోమం వంకరగా పెరుగుతూ, వాడిగా తెగిన కొసతో తాను మొలిచిన రంధ్రం పక్క గోడను పొడుస్తుంది. శరీరానికి అది ముల్లు గుచ్చుకున్నట్టే. చుట్టూ ఎర్రబడి పొక్కు లేస్తుంది. అందరికీ ఇలా జరగదు. ఐదు బ్లేడ్లతో హాయిగా ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపి కాఫీ తాగవచ్చు. అలాగే పొక్కుల్లో చీము పట్టినా, గుండ్రటి మచ్చలు దురద పెడుతూ పాకుతున్నా అది రేజరు సంగతి కాదు. చర్మవైద్యుడికి చూపించండి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న క్రీము పూయకండి.

మిగిలినవాళ్ళకు దారి వెనక్కి ఉంది: మన తండ్రుల స్నానాల గది కిటికీలో ఉండిన సేఫ్టీ రేజరు. 1903లో జిల్లెట్ కంపెనీ అమ్మినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడు పేటెంటు వచ్చింది. సూత్రం ఇప్పటికీ అదే, పల్చని బ్లేడును రెండు రేకుల మధ్య వంచి బిగించడం. పై రేకును టోపీ అనుకుందాం, కింది రేకును పలక అనుకుందాం, మూడోది పిడి. రెండు ముక్కల రకంలో పిడీ పలకా ఒకటిగానే ఉంటాయి. పిడి చివర మర తిప్పితే పైన రెండు తలుపులు తెరుచుకునే రకం ఇంకొకటి. మా నాన్నగారిది అదే, ఇత్తడిది. చూడముచ్చటగా ఉంటుంది గానీ, తలుపుల్లో ఒకటి వదులైతే బ్లేడు ఒక పక్కకు ఒరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మూడు ముక్కలదే కొనండి. కడగడమూ తేలిక.

మొన్న శనివారం సాయంత్రం మేనల్లుడు విజయవాడ వస్తే బీసెంట్ రోడ్డుకు తీసుకెళ్ళాను. కొట్టతను ఐదు రేజర్లు బల్ల మీద పరిచాడు. “ఇది జర్మనీది మాస్టారూ. ఇది మన దేశపుది. ఇదీ జర్మనీదే అనుకోండి” అన్నాడు. ఆ ‘అనుకోండి’ నాకు నచ్చింది. నేను ఇలాంటి పనికి వెళ్ళినప్పుడు పాత బ్లేడొకటి మందపాటి కాగితంలో చుట్టి జేబులో వేసుకుంటాను. అడిగి, దాన్ని ఒక్కొక్క రేజరులో బిగించి, ట్యూబులైటు వైపు ఎత్తి చూశాం. మీరూ అలాగే చూడాలి.

మొదట టోపీ పై నుంచి చూడండి. బ్లేడు అంచు రెండు వైపులా సమానంగా, సన్నని వెండి గీతలా కనిపించాలి. మేము చూసిన వాటిలో ఒకదానికి ఒక పక్క గీత నూలుపోగంత ఉంది, రెండో పక్క అసలు లేదు. విప్పి మళ్ళీ బిగించినా అంతే. దాన్ని అక్కడే పెట్టేశాం. అలాంటి రేజరు ఒకవైపు గీకుతుంది, ఇంకోవైపు నిమురుతుంది. మనమేమో తప్పు మన చేతిదనుకుంటాం.

తరువాత పక్క నుంచి చూడండి. బ్లేడు అంచుకూ పలక అంచుకూ మధ్య వెలుగు కనిపించే చోటు సందు. మెత్తని రేజర్లలో, అంటే చర్మాన్ని గీరకుండా పోయేవాటిలో, ఇది సుమారు 0.5 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది. బ్లేడు మందం 0.1 మిల్లీమీటరు కాబట్టి, ఏడు బ్లేడ్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఎంతో 0.7 అంత. సందు పెరిగేకొద్దీ చర్మం అందులోకి ఉబ్బి బ్లేడుకు దొరుకుతుంది.

అయితే అందరూ సందు అంకె పట్టుకుని వేలాడతారు, దానికన్నా ముఖ్యమైనదాన్ని వదిలేస్తారు. టోపీ చివర నుంచి పలక అంచు దాకా ఒక స్కేలు ఆనించినట్టు ఊహించుకోండి. నిజంగా ఆనించకండి, అక్కడ ఉన్నది బ్లేడు. బ్లేడు కొస ఆ గీత దాటి బయటికి వస్తోందా, గీత మీదే ఉందా, లోపలే దాక్కుందా? బయటికి వచ్చినది దూకుడు రేజరు. లోపలున్నదో, గీత మీదున్నదో మీకు కావలసిన మెత్తని రేజరు. మొదట్లో కంటికి అందదు. ఒక మెత్తనిదీ ఒక దూకుడుదీ పక్కపక్కన పెట్టి చూస్తే చప్పున తెలుస్తుంది. మేనల్లుడు నాలుగో రేజరు దగ్గర తనే కనిపెట్టాడు.

పలక అంచు నిండుగా, పట్టీలా ఉన్నదే తీసుకోండి. దువ్వెన పళ్ళలా చీలికలున్న రకం పొడవు పెరిగిన గడ్డానికి బాగుంటుంది. వాటిలో మెత్తనివీ లేకపోలేదు గానీ, మొదటి రేజరుగా వద్దు. ఎవరో గొప్పగా చెబితే నేనూ పూర్వం ఒకటి కొన్నాను. వారం తిరిగేసరికి నా మెడ పండిన దొండకాయలా ఉంది. మా ఆవిడ మఫ్లరు చేతికిచ్చింది, ఏప్రిల్ నెలలో, బెజవాడలో.

పేర్లు కావాలంటే, జర్మనీలోని మ్యూలే ఆర్89, ఇంగ్లండు ఎడ్విన్ జాగర్ డీఈ89 రెండింటికీ తల ఒకే నమూనా. ఏది దొరికినా ఫరవాలేదు. జోలింగెన్ ఊరి మెర్కుర్ 34సి బరువైనది, చిన్న పిడిది. ఇదీ మెత్తని జాతే. మ్యూలేలోనే ఆర్41 అని ఇంకొకటి ఉంది, దాని జోలికి పోకండి. మన దేశపు నిండు పట్టీ రేజరు కూడా వెండి గీతల పరీక్షలో నెగ్గితే నిరభ్యంతరంగా కొనండి. బరువు కాస్త ఉండడమే మంచిది. తేలిక రేజరును తెలియకుండానే నొక్కుతాం. మంట చాలావరకు ఆ నొక్కుడుదే.

ఇక బ్లేడు. చర్మం సున్నితం అనగానే చాలామంది పదును తక్కువ బ్లేడు వెతుకుతారు. ఇది తలకిందులు ఆలోచన. మొద్దు బ్లేడు రోమాన్ని తెంపకుండా లాగుతుంది. తెగలేదని అదే చోట నాలుగుసార్లు గీస్తాం. నాలుగోసారికి నురుగు ఉండదు, చర్మం పై పొర లేచిపోతుంది. అందుకే ఒత్తయిన గడ్డమూ సున్నితమైన చర్మమూ ఒకే మొహం మీద ఉన్నవాళ్ళకు నా మాట: మెత్తదనం రేజరులో వెతకండి, పదును బ్లేడులో వెతకండి. సెవెనోక్లాకో, ఆస్ట్రానో తీసుకుని మొదలుపెట్టండి. జపాను ఫెదర్ బ్లేడు బాగా పదునైనది. చేయి కుదిరాక, రెండో నెలలో చూడవచ్చు. ఏదైనా మూడు నాలుగు గడ్డాలకు మించి వాడకండి. తువ్వాలుతో తుడవకండి. అంచు మీది పూత పోతుంది, పైగా వేలు తెగుతుంది. వాడేసిన బ్లేడ్లు ఒక డబ్బా మూతకు చీలిక పెట్టి అందులో వేయండి. చెత్తబుట్టలో విడిగా వేస్తే తెల్లవారి చెత్త ఎత్తే మనిషి చేతికి గుచ్చుకుంటుంది.

కోణం సంగతి చేతికే చెప్పాలి. టోపీని బుగ్గకు బల్లపరుపుగా ఆనించండి, పిడి మొహానికి అడ్డంగా బయటికి పొడుచుకుని ఉంటుంది. ఇప్పుడు చాలా నిదానంగా కిందికి గీస్తూ పిడిని కొద్దికొద్దిగా దించండి. ఒకచోట చప్పుడు మొదలవుతుంది, ఇసుక మీద చీపురు ఆడినట్టు. మీ రేజరు కోణం అది. బ్లేడు అప్పుడు చర్మంతో సుమారు 30 డిగ్రీలు చేస్తుంది గానీ, డిగ్రీలు మరిచిపోయి చప్పుడు వినండి. పంపు కట్టేసి వినండి. రేజరు మారితే ఈ కోణమూ మారుతుంది. కొత్తది కొన్న ప్రతిసారీ ఇది మళ్ళీ చేయాలి.

ఈ వారం చేయవలసిన పని ఇది. మొహాన్ని సగం చేయండి. కుడివైపు కొత్త రేజరు, ఎడమవైపు మీ పాతది. నురుగు ఒకటే, నీళ్ళు ఒకటే. రోమాలు పడుకున్న వైపుకే, ఒక్కసారి. నున్నగా రాలేదని ఎదురు గీయకండి. పది నిమిషాలకు, పడుకునే ముందు, మర్నాడు పొద్దున, మూడు వేళల్లో రెండు వైపులూ ఎలా ఉన్నాయో రాసుకోండి. రెండు రోజులాగి, కొత్త బ్లేడుతో, వైపులు మార్చి మళ్ళీ చేయండి. మార్చడం ఎందుకంటే, కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ బుగ్గ మీద చేయి అడ్డంగా తిరుగుతుంది. ఆ తప్పు రేజరు మీద వేయకూడదు. బోరు నీళ్ళ ఇళ్ళలో నురుగు నిలవదు కాబట్టి, నురుగుకు మటుకు ఒక గిన్నెడు క్యాన్ నీళ్ళు వాడండి. గడ్డం రాత్రి గీసుకోండి. పొద్దున గీసుకుని వెంటనే ఎండలోకో, చెమటలోకో, యార్డులోకో వెళితే పరీక్ష చెడిపోతుంది.

నురుగు, పటిక నాలుగో పాఠంలో. మేనల్లుడు తన ఫలితం నిన్న ఫోటో తీసి పంపాడు. లెక్కల పుస్తకం కాగితం, జమా ఖర్చుల గళ్ళలోనే రాశాడు.

“మొదటి రాత్రి. కుడి, కొత్తది: మంట లేదు. మర్నాడు యార్డులో పదింటికి కాస్త చురుక్కుమంది, పదిన్నరకు పోయింది. ఎడమ, పాతది: రాయనక్కరలేదు.

రెండో రాత్రి. ఎడమ, కొత్తది: బుగ్గ బాగుంది. దవడ కింద సుడి దగ్గర రెండు పొక్కులు. కాగితం చూడకుండా గీశాను.”