ఏది ముఖ్యమో తెలుసు, మరి ఆ పని ఎప్పుడు?

"జీవితం చిన్నది, మనసుకి నచ్చినట్టు బతకాలి" అని స్టేటస్ పెట్టనివాళ్ళు లేరు. పెట్టేసి మళ్ళీ అదే సోఫా, అవే రీల్స్. మీ విలువలేంటి, దేన్ని ప్రాణంగా చూసుకుంటారని అడిగితే అందరం గొప్పగానే చెప్తాం. కానీ టైమూ డబ్బూ ఎటు పోతున్నాయో, దేనికోసం నలుగురిచేత మాట పడటానికి సిద్ధపడ్డామో చూస్తేగానీ అసలు సంగతి బయటపడదు. అందుకని ముందు ఫోన్ తీయండి.

పోయిన నెల యూపీఐ హిస్టరీ చూడండి. సెట్టింగ్స్‌లో స్క్రీన్ టైమ్ చూడండి. తర్వాత కాల్ లిస్టులో అమ్మ పేరు నొక్కండి, ప్రతి కాల్ ఎంతసేపో పక్కనే ఉంటుంది. రెండు నిమిషాలు, నిమిషంన్నర, "తిన్నారా, బీపీ మాత్ర వేసుకున్నావా, సరే ఉంటా మరి." అమ్మానాన్నలకి 65 ఏళ్ళనుకుందాం, మీరు ఏడాదికోసారి సంక్రాంతికే ఊరెళ్తారనుకుందాం, వాళ్ళు 80 దాకా చల్లగా ఉన్నా మీకు మిగిలినవి పదిహేను సంక్రాంతులు, అందులోనూ సగం టైము ఫ్రెండ్స్‌కీ కోడిపందేలకీ పోతుంది. కాబట్టి "ఇకమీద ఎక్కువ మాట్లాడతా" లాంటి తీర్మానాలు వద్దు. ఆదివారం టిఫిన్ అయ్యాక, టీవీ కట్టేసి, ఒక కాల్. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి సంక్రాంతి టికెట్ల కోసం నవంబరు రెండో వారానికి ఇప్పుడే అలారం పెట్టండి. క్యాలెండర్‌లోకి ఎక్కని విలువ పండగ ముందురోజు తత్కాల్ క్యూలో ఉంటుంది.

ఇలా విలువలన్నీ ఒకేసారి క్యాలెండర్‌లో పెట్టుకోకండి, ఒకటి చాలు.

అసలు పరీక్ష పెళ్ళి దగ్గర వస్తుంది. కట్నం తీసుకోవడం తప్పు అని నమ్మే కుర్రాళ్ళు బోలెడుమంది, కానీ "మాకేం వద్దండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం" అని వాళ్ళ పెద్దవాళ్ళు అంటుంటే పక్కనే తల వంచుకుని కాఫీ తాగుతారు. 1961 నుంచీ చట్టం ఉంది, ఇచ్చినా పుచ్చుకున్నా నేరమే, కనీసం అయిదేళ్ళ జైలు. దానికి భయపడేవాళ్ళని నేనైతే పెద్దగా చూడలేదు. పనిచేసేది ఒక్కటే, ముందే చెప్పడం. పెళ్ళిచూపులకి వెళ్ళకముందే ఇంట్లో చెప్పండి, సంబంధం తెచ్చినాయనకి వాట్సాప్‌లో రాసి పంపండి. లగ్నపత్రిక రాసుకున్నాక నోరు విప్పితే "ఇప్పుడా చెప్పేది, పరువు పోతుంది" అంటారు, మీరూ సర్దుకుపోతారు.

ఇంకోటి, మీ విలువ బరువు ఇంట్లో ఎవరి నెత్తిన పడుతుందో ముందే చూసుకోండి. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు వెలేసింది, వంటవాళ్ళూ నీళ్ళు తెచ్చేవాళ్ళూ మానేశారు, భార్య రాజ్యలక్ష్మమ్మ గారు గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి వండిపెట్టారు. మనం ఎక్కువగా తలుచుకునేది ఆయన్నే. మీరు ఉద్యోగం మానేసి ఊళ్ళో సేంద్రియ వ్యవసాయం చేస్తానంటే ఈఎంఐ ఎవరు కడతారు? వాళ్ళని కూర్చోబెట్టి అడగండి, చెప్పడం కాదు, అడగండి.

చచ్చాక కూడా చెల్లాల్సిన మాటలుంటే అవి తేలికే, బద్ధకమే అడ్డం. పిల్లలు కొట్టుకోకూడదనుకుంటే వీలునామా రాయండి, తెల్ల కాగితం, మీ సంతకం, ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషన్ తప్పనిసరేం కాదు. కళ్ళు దానం చెయ్యాలనుంటే కార్డు పర్సులో దాచుకుంటే లాభం లేదు, దాదాపు ఆరు గంటల్లోపు తియ్యాలి, ఐ బ్యాంకుకి ఫోన్ చెయ్యాల్సింది ఇంట్లోవాళ్ళు. ఈ రాత్రి భోజనాల దగ్గర చెప్పండి. "ఏం పాడు మాటలురా" అని తిడతారు, తిట్టనివ్వండి, నంబరు మాత్రం వాళ్ళ ఫోన్లో సేవ్ చేయించండి.

లెక్క చూసుకోవడానికి ఉగాది మంచి రోజు. పంచాంగ శ్రవణంలో ఎలాగూ ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం వింటాం కదా, అది అయ్యాక మళ్ళీ అదే హిస్టరీ, అదే కాల్ లిస్టు తెరవండి. ఏడాదంతా రూపాయిగానీ గంటగానీ పడని విలువ ఏదైనా కనిపిస్తే కొట్టేయండి, సిగ్గుపడక్కర్లేదు, అది మీ నాన్నగారిదో పక్కింటివాళ్ళదో అయ్యుంటుంది. దాని స్థానంలో ఇంకోటి రాసుకోండి.