కగామి మోచి పెట్టే ముందు

జపాన్‌లో ఉంటూ ఈసారి తోషిగామికి, అంటే కొత్త ఏడాది దేవుడికి, కగామి మోచి (జిగురు బియ్యం దంచి చేసి, ఒకదానిపై ఒకటి పెట్టే రెండు గుండ్రటి ముద్దలు) పెడుతున్నారా? ఇవి చూసుకోండి.

– అసలు ప్రమాదం తినేటప్పుడే. గొంతుకు అడ్డంపడి ఏటా జనవరిలో పెద్దవాళ్లు చనిపోతున్నారు. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే చిన్న చిన్న ముక్కలు చేసి, పక్కనే కూర్చోండి.

– డిసెంబరు 28న పెట్టేయండి. 29లో తొమ్మిదిని ‘కు’ అంటారు, కష్టానికీ అదే పలుకు. 31న పెడితే ఒక్క రాత్రి ముచ్చట, దేవుణ్ణి చిన్నచూపు చూసినట్టు. 30 పర్లేదు.

– జనవరి 11న దించాక కత్తి పెట్టొద్దు. సమురాయ్ ఇళ్లలో కోత అంటే పొట్ట చీల్చుకుని చావడమే గుర్తొచ్చేదట. ఎండి నెర్రెలిచ్చి ఉంటుంది, సుత్తితో రెండు దెబ్బలు చాలు. క్యోటో వైపు తేదీ వేరు, పక్కింటివాళ్లని అడగండి.

– బూజు పడితే మొత్తం పారేయండి, గీకితే లోపలిది పోదు.

– పైన పెట్టేది దైదై పండు, ఒక రకం చేదు నారింజ. ‘తరతరాలు’ అనే మాటా దైదైయే.